ఆఫీసు కాపీ ప్రకారం లిఫ్టు ఖాళీ

మా సంస్థ లిఫ్టులో నూకరత్నం గారు ఇరుక్కుపోయారన్న విషయాన్ని మా సంస్థ ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోదు కూడా. ఆవిడ ఎక్కిన లిఫ్టు ఆ సమయంలో కింది అంతస్తులో తలుపులు బార్లా తెరుచుకుని, ఖాళీగా, వీణ పాట వినిపిస్తూ హాయిగా నిలబడి ఉందని రికార్డు. నేను మాత్రం ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య నుంచి ఆవిడ తిట్టిన తిట్లు చెవులారా విన్నాను. కానీ మా సంస్థలో చెవులు సాక్ష్యం కిందికి రావు.

మాది ఊర్ధ్వగమన యంత్రాల కార్పొరేషన్. పేరు విని పైలోకానికి పంపించే శాఖ అనుకునేరు, మేం చేసేది లిఫ్టులే. విశాఖపట్నంలో మాకు తొమ్మిది అంతస్తుల సొంత భవనం ఉంది. ప్రతి అంతస్తులోనూ సముద్రం వైపు పెద్ద పెద్ద కిటికీలున్నాయి. వాటికి అడ్డంగా ఫైళ్ళ బీరువాలు పెట్టుకున్నాం, ఉద్యోగుల దృష్టి చెదరకుండా.

మేం కొత్తగా తయారుచేసిన లిఫ్టుకి రెండు బుర్రలు. ఒకటి చిన్నది. తలుపు, బ్రేకు, తాడు, లోపల ఎక్కిన బరువు, వీటిని రెప్పపాటు కూడా వదలకుండా కనిపెట్టుకుని ఉండటం దాని పని. దాన్ని సహ ప్రాసెసర్ అంటాం. రెండోది పెద్దది. దాని మీద ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది, ఆ సిస్టమ్‌కి గుండెకాయ కెర్నెల్. అంతస్తు పేరు ప్రకటించడం, పాట వినిపించడం, రికార్డు రాయడం, తలుపు తెరవడానికి అనుమతి ఇవ్వడం కెర్నెల్ గారి పనులు. ఈ రెండింటి మధ్య కొంచెం మెమొరీ ఉమ్మడిగా ఉంటుంది. రెండు గదుల మధ్య గోడకి తగిలించిన పలక అనుకోండి. చిన్నది ఆ పలక మీద ‘ఆరో అంతస్తు దాటాం, తలుపు మూసి ఉంది, లోపల ఇంత బరువుంది’ అని రాస్తూ ఉంటుంది. పెద్దది అది చూసి ఏం చెయ్యాలో చెబుతుంది.

అయితే పెద్దవాళ్ళకి మాటిమాటికీ లేచి వెళ్ళి పలక చూడటం నామోషీ కదా. అందుకని కెర్నెల్ ఒకసారి చూసినదాన్ని తన దగ్గరే నకలు పెట్టుకుని, ఆ నకలుతోనే పని కానిస్తుంది. ఇందులో తప్పేం లేదు, పని చురుగ్గా సాగుతుంది. కాకపోతే పలక మీద రాత మారినప్పుడు పాత నకలు పారేసి మళ్ళీ పలక చూడాలి. ‘పారెయ్’ అని చెప్పడానికి ప్రోగ్రాములో ఒక్క లైను చాలు. ఆ లైను రాసింది నేను. నా పేరు సన్యాసిరావు, తక్షణ విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుని. చిన్న బుర్రని చూసుకునేది మా విభాగమే.

అంతా బాగానే ఉండేది. ఈలోగా మా మేనేజింగ్ డైరెక్టరు కాశీపతి గారిని ప్రభుత్వం ఏదో చల్లటి కొండ మీదికి శిక్షణకి పంపింది. ఆయన అంతకుముందు కోళ్ళ అభివృద్ధి చూసేవారు. కొండ మీద ఎవరు ఏం చెప్పారో తెలీదు గానీ, దిగొచ్చేటప్పటికి ‘యంత్రమూ ఉద్యోగే’ అనే నినాదం పట్టుకొచ్చారు. ఉద్యోగికి వర్తించే నియమాలన్నీ యంత్రానికీ వర్తించాలన్నారు. మర్నాడే తొమ్మిదో అంతస్తులో తన గదిలో సమావేశం పెట్టారు.

“సహ ప్రాసెసర్ అంటే ఏంటయ్యా?” అని నన్ను అడిగారు.

“పెద్ద ప్రాసెసర్‌కి తోడుగా ఉండేది సార్.”

“అంటే సబార్డినేటు.”

“అలా అని కాదు సార్. దాని పని అది చేసుకుపోతుంది. తాడు జారితే బ్రేకు వెయ్యాలా వద్దా అని పెద్దదాన్ని అడిగి కూర్చుంటే ఈలోపు లిఫ్టు కింద పడుతుంది.”

“అడగదా?” కాశీపతి గారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. “పైఅధికారిని అడక్కుండా పనులు చేసే సబార్డినేటుని మన లిఫ్టులో పెట్టి పోషిస్తున్నామా?”

కెర్నెల్ విభాగం జనరల్ మేనేజరు విరూపాక్షం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మనిషి సన్నం, వాక్యాలు మాత్రం పొడుగు. “సార్, సందర్భం వచ్చింది కాబట్టి ఒక విచారకరమైన పరిణామాన్ని తమ దృష్టికి తీసుకురావడం నా విధ్యుక్త ధర్మంగా భావిస్తున్నాను. సదరు చిన్న చిప్పు ఉమ్మడి మెమొరీలో నేరుగా రాసేస్తోంది. మా కెర్నెల్ వద్ద ఇన్‌వార్డు లేదు, రసీదు లేదు. ఇది చాలదన్నట్టు, తక్షణ విభాగం వారు మా కెర్నెల్ దగ్గర ఉండే నకళ్ళను అనుక్షణం ధ్వంసం చేయిస్తున్నారు.”

ఓ మూల కూర్చుని మినిట్స్ రాసుకుంటున్న నూకరత్నం గారి పెన్ను టక్కున ఆగింది. ఆవిడ పద్ధతుల విభాగానికి సూపరింటెండెంట్. కార్యాలయ పద్ధతుల మాన్యువల్ ఆవిడకి కంఠతా వచ్చు. సెలవు చీటీలో కామా తప్పు పెట్టినందుకు ఓ డిప్యూటీ మేనేజరు చేత దాన్ని మూడుసార్లు తిరగరాయించిన మనిషి.

“నకళ్ళంటే ఆఫీసు కాపీలేనా?” అని అడిగింది.

“అక్షరాలా ఆఫీసు కాపీలే.”

“ఆఫీసు కాపీ పారేస్తారా! పదేళ్ళు భద్రం చెయ్యాలి. పారెయ్యాలంటే విసర్జన కమిటీ కూర్చోవాలి. ఏం సన్యాసిరావు, చదువుకున్నవాడివి, నీకామాత్రం తెలీదా?”

కెర్నెల్ నకలు పాతబడిపోతుందనీ, పలక మీద ఉన్నదే అసలనీ చెప్పబోయాను. కాశీపతి గారు చెయ్యెత్తారు. ఆ చెయ్యి ఎన్నో కోళ్ళని నిశ్శబ్దం చేసిన చెయ్యి. నేనూ ఆగిపోయాను.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. నూకరత్నం గారు రాశారంటే వేలు పెట్టడానికి సందుండదు. చిన్న చిప్పు ఇకపై సరైన మార్గం ద్వారా మాత్రమే రాయాలి, రాసి పెద్ద చిప్పు రసీదు ఇచ్చేదాకా ఆగాలి. పెద్ద చిప్పు దగ్గరున్న నకలు ఆఫీసు కాపీ కాబట్టి, విసర్జన కమిటీ అనుమతి లేకుండా దాన్ని తొలగించరాదు. కమిటీకి చైర్మన్ కాశీపతి గారు, కన్వీనర్ నూకరత్నం గారు. ఉమ్మడి మెమొరీకీ ఆఫీసు కాపీకీ తేడా వచ్చినచో ఆఫీసు కాపీయే చెల్లుతుంది. ఇది మూడో పేరా. నా లైను తీసేశారు. తీసేటప్పుడు విరూపాక్షం గారు ఫొటో కూడా తీయించుకున్నారు.

మా భవనంలోని లిఫ్టు ఈ కొత్త రకానికి నమూనా. అది సరిగ్గా నడిస్తే ఇలాంటివే జిల్లా ఆసుపత్రులన్నిటికీ పంపాలి. స్ట్రెచర్లు, ఆక్సిజన్ సిలిండర్లు, పురిటి నొప్పులతో ఉన్న ఆడవాళ్ళు వాటిలోనే ఎక్కాలి. అది తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

లిఫ్టు మాత్రం సర్క్యులర్‌ని తు.చ. తప్పకుండా పాటించింది. ఓసారి అకౌంట్స్ వాళ్ళుండే ఐదో అంతస్తులో ఆగి ‘మూడో అంతస్తు’ అని ప్రకటించింది. కెర్నెల్ దగ్గర పోగుపడ్డ పాత నకళ్ళలో దాని చేతికి తగిలింది అది మరి. నేను ఫిర్యాదు రాశాను. విరూపాక్షం గారు విచారణ జరిపి, తేడా ఉన్నది వాస్తవమేననీ, మూడో పేరా ప్రకారం ఆఫీసు కాపీయే చెల్లుతుంది కనుక బోర్డు మార్చాలనీ తేల్చారు. పెయింటర్ వచ్చి ఐదు చెరిపి మూడు రాసి వెళ్ళాడు. దాంతో మాకు మూడో అంతస్తులు రెండయ్యాయి. అసలు మూడో అంతస్తువాళ్ళు, ముందు నుంచీ ఉన్నది మేమే కాబట్టి సీనియారిటీ మాదేనని యూనియన్ ద్వారా వినతిపత్రం ఇచ్చారు. ఓ రోజు లిఫ్టు తొమ్మిదో అంతస్తులో ఆగి ‘గ్రౌండ్ ఫ్లోర్’ అంది. కాశీపతి గారి గదికి గ్రౌండ్ ఫ్లోర్ బోర్డు పెట్టడానికి పెయింటర్ నిచ్చెన వేసుకున్నాడు కూడా. ఆయన గది వరకు మినహాయింపు ఇస్తూ సర్క్యులర్‌కి సవరణ వచ్చింది. మా సంస్థలో అంత వేగంగా కదిలిన ఫైలు ఇంకోటి లేదు.

ఆసుపత్రుల లిఫ్టులు లారీల్లోకి ఎక్కించాల్సిన రోజు దగ్గరికొచ్చింది. ముందురోజు, లిఫ్టు దోషరహితమని ధ్రువపత్రం తయారుచేసి, దాని మీద కాశీపతి గారి సంతకం కోసం నూకరత్నం గారు తొమ్మిదో అంతస్తుకి వెళ్ళారు. ధ్రువపత్రంలో ఆవిడ సంతకం కూడా ఉండాలి. అది భోజనం చేసి వచ్చి పెడదామనుకున్నారు. ఆవిడకి షుగరు. మాత్ర వేసేసుకున్నారు, క్యారేజీ ఆరో అంతస్తులో ఆవిడ బల్ల మీద ఉంది. లిఫ్టు ఎక్కి ఆరు నొక్కారు. ఏడు దాటాక లిఫ్టు ఆగిపోయింది.

మెట్ల మీదుగా కిందికి దిగుతూ నేను విన్నది ముందు లిఫ్టు గొంతే. “మీ అంతస్తు వచ్చింది. మీ ప్రయాణం సుఖంగా ముగిసింది. దయచేసి దిగండి.” ఆ వెనకే నూకరత్నం గారి గొంతు. “ఎక్కడికి దిగనే, నీ మొహం మండా!”

ఏడో అంతస్తు తలుపుల కింద సన్నని సందుంది. నేను నేల మీద పడుకుని చూశాను. ఆవిడ నడినెత్తి, జడలో కనకాంబరాలు కనిపించాయి.

“మేడమ్, నేను సన్యాసిరావుని. ఎలా ఉన్నారు?”

“నిలబడి ఉన్నాను. తలుపు తియ్యి.”

జేబులోంచి ట్యాబ్ తీసి చూశాను. పలక మీద చిన్న చిప్పు చక్కగా రాసింది: ఆరుకీ ఏడుకీ మధ్య, తలుపు మూసి ఉంది, బరువు ఎనభై ఒక్క కిలోలు. కెర్నెల్ నకలు మాత్రం ఎప్పటిదో: గ్రౌండ్ ఫ్లోర్, తలుపు తెరిచి ఉంది, బరువు సున్నా. తెరిచి ఉన్న తలుపుని తెరవమని కెర్నెల్ ఎందుకు చెబుతుంది?

“మేడమ్, ఎలా చెప్పాలో తెలీట్లేదు. మీరు బయట ఉన్నారు.”

“ఎవడన్నాడు?”

“ఆఫీసు కాపీ.”

లోపల వీణ మోగుతూనే ఉంది.

“నా సర్క్యులరేనా?”

“మూడో పేరా మేడమ్.”

“మూడో పేరా బాగానే రాశానే,” అంది ఆవిడ, కొంచెం దిగులుగా.

విరూపాక్షం గారు ఇద్దరు గుమాస్తాలతో వచ్చారు. నేల మీద పడుకోవడం ఆయన హోదాకి కుదరదు కాబట్టి నిలబడే మాట్లాడారు. “మేడమ్, మీరు లోపల ఉన్నట్లు మా విభాగానికి ఇంతవరకు ఎలాంటి అధికారిక సమాచారమూ లేదు.”

“నేను చెప్తున్నాను కదండీ!”

“మౌఖిక సమాచారం పరిగణనలోకి రాదని తమకి తెలియనిది కాదు. అసలు దీన్ని ఇరుక్కోవడం అనడానికే వీల్లేదు. ఇరుక్కోవాలంటే ముందు ఎక్కి ఉండాలి. ఎక్కినట్టు దాఖలా లేదు.”

“సార్, చిన్న చిప్పు రాసింది చూడండి,” అని ట్యాబ్ చూపించాను. “ఎనభై ఒక్క కిలోలు.”

“రాసింది. కానీ మా కెర్నెల్ రసీదు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదు? దానికి ముందు మా కెర్నెల్ పంపిన దానికి మీ చిప్పు రసీదు ఇవ్వలేదు కాబట్టి. మీవాళ్ళు ముందివ్వాలి.”

“మా చిప్పు మీ రసీదు కోసమే ఆగి ఉంది సార్.”

“సంతోషం. క్రమశిక్షణ అలవడింది.”

ఎమర్జెన్సీ తాళంచెవి ఇమ్మన్నాను. మనిషి లేని లిఫ్టు తలుపు బలవంతంగా తెరవడం ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించడమేనన్నారు. మెయిన్ స్విచ్ ఆపేద్దామన్నాను. కరెంటు ఆగితే కెర్నెల్ దగ్గరున్న నకలు చెరిగిపోతుంది కనుక అది దొంగదారిన ఆఫీసు కాపీని ధ్వంసం చెయ్యడమేనన్నారు, స్విచ్ గది తాళం తన జేబులో వేసుకున్నారు. ఫైర్ స్టేషన్‌కి నేనే ఫోన్ చేశాను. వాళ్ళు బాధ్యత గల అధికారితో మాట్లాడతామన్నారు. విరూపాక్షం గారు ఫోన్ అందుకుని, “రికార్డుల ప్రకారం ఎవరూ లేరండీ, మా కుర్రాడు కొంచెం సున్నిత మనస్కుడు,” అని పెట్టేశారు.

అప్పుడు లోపలి నుంచి ఆవిడ గొంతు వచ్చింది. ఇందాకటి జోరు లేదు. “సన్యాసిరావూ, చేతులు వణుకుతున్నాయి నాయనా. చెమటలు పడుతున్నాయి.”

నాకు నిజంగా భయం వేసింది. షుగరు పడిపోతే మనిషి ఎంతసేపు నిలబడుతుంది? తిండి ఏదైనా లోపలికి వెయ్యాలి. కానీ ఆ సందులో కాగితం తప్ప ఇంకోటి పట్టదు. అరటిపండు పట్టదు, బిస్కట్టు పట్టదు. మా సంస్థ కట్టుకున్న భవనం కదా, కాగితాలు కదలడానికి మాత్రం ఎక్కడైనా దారుంటుంది. చటుక్కున గుర్తొచ్చింది, మా అత్తవారు ఆత్రేయపురం నుంచి పంపిన పూతరేకుల పెట్టె నా సొరుగులో ఉంది.

పరుగెత్తి తెచ్చాను. సెక్యూరిటీ గార్డు అప్పన్న అడ్డం వచ్చాడు.

“ఏటి బాబూ అది? కాయితమా, తిండా?”

“పూతరేకులు అప్పన్నా, తప్పుకో.”

“అదే అడుగుతన్నాను. కాయితమైతే డిస్పాచ్ నెంబరుండాల. తిండైతే లిఫ్టులోకి ఒప్పుకోరు. ఈ రెండిట్లో ఏదో సెప్పీయండి, నాను రాసుకోవాల.”

“కాయితమే,” అన్నాను. “నెంబరు తర్వాత వేయించుకుంటా.”

“అయితే ఎల్లండి.”

మళ్ళీ నేల మీద పడుకుని, మడతలు విప్పి, ఒక్కో పొర సందులోంచి జారవిడిచాను. పంచదార సగం నా చొక్కా మీదే పడింది. లోపలి నుంచి నమిలిన చప్పుడు, తర్వాత, “ఇంకోటి పంపు,” అని వినపడ్డాయి. ఆ రెండు మాటలు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

నాలుగు రేకులు తిన్నాక ఆవిడకి మాన్యువల్ గుర్తొచ్చింది. “విసర్జన కమిటీకి కన్వీనర్‌ని నేనే కదా. అనుమతి కాగితం లోపలికి పంపు, సంతకం పెడతాను. సార్ చేత కూడా పెట్టించు, పాత నకలు తీసెయ్యి.”

పంపాను. ఆవిడ సంతకం పెట్టి, నెయ్యి మరకలతో తిరిగి ఇచ్చారు. తొమ్మిదో అంతస్తుకి మెట్లెక్కి పరుగెత్తాను. కాశీపతి గారు కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశారు.

“నూకరత్నం గారు ఎక్కడున్నారు?”

“లిఫ్టులో సార్.”

“రికార్డు ప్రకారం?”

“బయట సార్.”

“బయట ఉన్న మనిషి లోపలి నుంచి సంతకం ఎలా పెట్టిందయ్యా? ఇది ఫోర్జరీ అవుతుంది. ఆవిడ స్వయంగా వచ్చి నా ఎదట పెడితే, నాకేం అభ్యంతరం లేదు.” ఇలా అని ఫ్యాను వైపు చూసి, “ఉక్కపోత ఎక్కువగా ఉంది,” అన్నారు.

ఆ ఫ్యాను ఆగిపోయింది. ఊళ్ళో కరెంటు పోయింది.

మాకు జనరేటరు ఉంది. దానికి పెట్టింది కూడా మా చిప్పే. దాని ఆఫీసు కాపీలో కరెంటు నిక్షేపంలా ఉంది కాబట్టి అది కదల్లేదు. భవనం మొత్తం చీకటి. కెర్నెల్ గారు నకళ్ళతో సహా కన్నుమూశారు. చిన్న చిప్పుకి సొంత బ్యాటరీ ఉంది. ఇక రసీదు ఇచ్చేవాళ్ళు లేరు, అనుమతి అడగడానికీ ఎవరూ లేరు. అది నెమ్మదిగా లిఫ్టుని ఆరో అంతస్తుకి దింపి తలుపు తెరిచింది.

నేను కిందికి వెళ్ళేసరికి నూకరత్నం గారు గోడ పట్టుకుని నడుస్తున్నారు. మూతి చుట్టూ పంచదార. బల్ల దగ్గర కూర్చుని క్యారేజీ విప్పి, పప్పన్నం మొత్తం తిని, మజ్జిగ తాగి, అప్పుడు కళ్ళు తుడుచుకున్నారు.

సాయంత్రం కరెంటు వచ్చాక తొమ్మిదో అంతస్తులో విచారణ. అందరూ మెట్ల మీదుగానే వచ్చారు, ఆరోగ్యం కోసమట. కాశీపతి గారు పొద్దున్నే ఎక్కిన మనిషి కాబట్టి ఆయనకి ఆ బాధ లేదు. చెరిగిపోయిన ఆఫీసు కాపీకి ధ్రువీకరించిన ఇంకో నకలు విరూపాక్షం గారు భద్రంగా తెచ్చారు. రికార్డు ధ్వంసం చేసినందుకు ముందుగా కరెంటువాళ్ళకి నోటీసు ఇవ్వాలని తీర్మానించారు. తర్వాత అసలు విషయానికి వచ్చారు.

“ఖాళీ లిఫ్టులో ఎనభై ఒక్క కిలోల బరువున్నట్టు చిన్న చిప్పు రాసింది. అంటే లేని మనిషిని సృష్టించింది,” అన్నారు విరూపాక్షం గారు. “కనుక ఇకపై సదరు చిప్పు ఏదైనా రాసే ముందు ఆఫీసు కాపీ చూసుకుని, అందులో ఉన్నదే రాయవలెనని ప్రతిపాదిస్తున్నాను. రెండింటికీ తేడా అనే సమస్యే శాశ్వతంగా తొలగిపోతుంది.”

“బ్రహ్మాండం,” అన్నారు కాశీపతి గారు. “ధ్రువపత్రం మీద నేను సంతకం పెట్టేశాను. నూకరత్నం గారూ, మీరు కూడా పెడితే రేప్పొద్దున లారీలు బయల్దేరతాయి. అన్నట్టు, మధ్యాహ్నమంతా మీరు సీట్లో లేరట. మీకు సంజాయిషీ మెమో ఇవ్వాలి. మెమోలు రాసేది మీరే కాబట్టి అది కూడా రాసేసుకోండి.”

నూకరత్నం గారు పెన్ను తీశారు. ధ్రువపత్రం దగ్గరికి లాక్కున్నారు. ఆ సంతకం పడితే రేపెక్కడో ఓ ఆసుపత్రిలో, రెండంతస్తుల మధ్య, మీ ప్రయాణం సుఖంగా ముగిసిందని ఓ రోగికి వినపడుతుంది. అక్కడ పూతరేకులు తెచ్చేవాడు ఉండడు.

ఆవిడ చదివింది. పెన్నుకి మూత పెట్టింది.

“పెడతాను సార్. కాకపోతే దోషం లేదని నా చేత్తో రాస్తున్నాను కదా, ఒక్కసారి కళ్ళారా చూస్తే బాగుంటుంది. మనం అందరం కలిసి లిఫ్టులో కిందికి దిగుదాం. కింద తలుపు తెరుచుకోగానే అక్కడే సంతకం పెట్టేస్తాను.”

ఆవిడ లేచి వెళ్ళి లిఫ్టు బటన్ నొక్కింది. తలుపులు తెరుచుకున్నాయి, వీణ వినిపించింది.

“రండి విరూపాక్షం గారూ.”

విరూపాక్షం గారికి అత్యవసరంగా వేరే విభాగంతో సమన్వయం గుర్తొచ్చింది. అది మెట్ల వైపు ఉందట. గుమాస్తాలు ఆయన వెనకే వెళ్ళారు. కాశీపతి గారు లిఫ్టులోకి తొంగి చూసి, అద్దంలో తన మొహం తాను చూసుకుని, “డాక్టరు నన్ను నడవమన్నాడమ్మా,” అన్నారు. ఆయనకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయని ఆఫీసంతటికీ తెలుసు. రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఒక్కో మూలుగుతో దిగడం మొదలుపెట్టారు. వెనక నేను, నూకరత్నం గారు. ఆవిడ కూడా లిఫ్టు ఎక్కలేదు. ఎక్కుతుందని నేనూ అనుకోలేదు.

గ్రౌండ్ ఫ్లోర్‌కి చేరేసరికి ఆఫీసు ఖాళీ అయిపోయింది. అప్పన్న స్టూలు వేస్తే కాశీపతి గారు దాని మీద కూలబడి, చెమట తుడుచుకుని, జేబులు తడుముకున్నారు. మొహం పాలిపోయింది.

“ఫోను పైనే మర్చిపోయాను. మంత్రిగారి పేషీ నుంచి కాల్ వస్తుంది.”

“నేను తెస్తాను సార్,” అన్నాను.

“ఎలా తెస్తావయ్యా? గది తాళం నా వేలిముద్రకి తప్ప తెరుచుకోదు. భద్రత కోసం నేనే పెట్టించాను.”

ఆయన మెట్ల వైపు చూశారు. మోకాళ్ళ వైపు చూసుకున్నారు. లిఫ్టు వైపు చూశారు.

“సన్యాసిరావ్, ఆ నీ లైను... మళ్ళీ పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?”

“పట్టుమని అయిదు నిమిషాలు కూడా పట్టదు సార్. కానీ విసర్జన కమిటీ అనుమతి కావాలి.”

“కమిటీ ఇక్కడే ఉంది కదా. చైర్మన్ ఉన్నాను, కన్వీనర్ ఉంది. సమావేశమైనట్టే. రాయండమ్మా, మన భవనంలోని లిఫ్టుకి నకళ్ళ తొలగింపు అనుమతించడమైనది, అని.”

నూకరత్నం గారు మెట్టు మీద కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకున్నారు. రాయలేదు.

“మన లిఫ్టుకనా సార్, అన్ని లిఫ్టులకనా?”

“ఇప్పటికి మనదానికి రాయండి. మిగతావి ఫైలు నడిపి చూద్దాం.”

“అయితే మిగతావాటితోపాటే మనదీ చూద్దాం సార్. తొందరేముంది? మీ మోకాళ్ళు నెమ్మదించాక ఎక్కుదురు గాని.”

ఆవిడ అంత మర్యాదగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పైన ఎక్కడో, చాలా పైన, ఫోను మోగడం మొదలైంది. ఖాళీ భవనం కదా, స్పష్టంగా వినపడింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

“అన్నిటికీ,” అన్నారు కాశీపతి గారు. “ఆసుపత్రులవి కూడా. మూడో పేరా రద్దు. ఏదో ఒకటి, తొందరగా రాయండి!”

ఆవిడ రాసింది. కామాలతో సహా చదివి వినిపించింది. ఆయన సంతకం పెట్టారు, ఆవిడ పెట్టింది. నేను పక్క మెట్టు మీద ట్యాబ్ పెట్టుకుని అన్ని లిఫ్టులకీ లైను ఎక్కించాను. మా లిఫ్టు కిందికి వచ్చి, గ్రౌండ్ ఫ్లోర్‌ని గ్రౌండ్ ఫ్లోర్ అని పిలిచి, తలుపులు తెరిచింది.

ఎవరూ కదల్లేదు. కాశీపతి గారు నూకరత్నం గారి వైపు చూశారు. ఆవిడ ఓ క్షణం కళ్ళు మూసుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది. తలుపు పైన బరువు చూపించే అంకెలు మారాయి, ఎనభై ఒకటి.

“ఎక్కండి సార్. ఇప్పుడు దానికి నేనున్నానని తెలుసు.”

కాశీపతి గారు ఒక కాలు లోపల పెట్టి, ఒక కాలు బయటే ఉంచి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

“నువ్వూ రావయ్యా సన్యాసిరావ్.”

నేనూ ఎక్కాను. లైను రాసింది నేనే కదా.